కళ్ళు నెత్తికెక్కాయా?

గత నెలలో తెనాలి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. పగలు చురుగ్గానే వుంటాడు. దీపాలు పెట్టే వేళకు మాత్రం గడప తట్టుకుని పడతాడు. గుమ్మంలో విడిచిన చెప్పులు వెతుక్కోలేడు. రేచీకటి అంటున్నారు. మా అత్తగారు మునగాకు పెట్టమంటారు. మా ఆడబిడ్డ కారెట్టు రసం పట్టమంటుంది. మీరేమంటారు?" అని.

యీ ఉత్తరానికి రెండు ముక్కల్లో జవాబు రాసి వూరుకోవచ్చు. కాని నాకు చెయ్యి ఆడలేదు. యెందుకంటే, సరిగ్గా యిలాంటి పిల్లవాణ్ణి నేను ఒకసారి కొట్టాను.

1976 వేసవి. మా అక్కయ్య కొడుకు బుజ్జి సెలవులకు మా యింటికి వచ్చాడు. వాడికప్పుడు యెనిమిదేళ్ళు. ఆ రోజు మేడమీద పాతపంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టాను. పొద్దు గుంకుతుంటే, పంచె చివర పట్టుకుందువు గాని రమ్మని వాణ్ణి పిలిచాను. వాడు వచ్చాడు. తిన్నగా వడియాల మీద నుంచే నడిచి వచ్చాడు! పొద్దుటినుంచీ నడుము విరిగేలా పెట్టిన వడియాలు. వీపు మీద ఒక్కటిచ్చి, "కళ్ళు నెత్తికెక్కాయిరా?" అన్నాను.

వాడు యేడవలేదు. "కనపళ్ళేదు పిన్నీ" అన్నాడు. నాకు వడియాలు లెక్కపెట్టగలిగినంత వెలుతురు వుంది. పైగా అబద్ధాలు కూడా నేర్చాడనుకున్నాను.

మా అమ్మ మాత్రం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "సందెవేళ నీకు యెలా వుంటుందిరా?" అని నెమ్మదిగా అడిగింది. అడిగి, "వీడికి రేచీకటే" అని తేల్చింది. ఆ మర్నాటి నుంచి మునగాకు కూర, తోటకూర పులుసు, బొప్పాయి ముక్కలు, మందులషాపు నుంచి చేపనూనె. అక్కయ్య వూరికి వెళ్ళాక కూడా మూడు నెలలు అదే పథ్యం నడిపింది. ప్రతి సాయంత్రం వాణ్ణి వరండాలో నిలబెట్టి, "ఆ మూల యేముందో చెప్పు నాన్నా" అని అడిగేది. వాడికి అమ్మను సంతోషపెట్టాలని వుండేది. పగలే ఆ మూలలో యేముందో చూసి పెట్టుకుని, సాయంత్రం చెప్పేవాడు. యీ సంగతి వాడు పెద్దయ్యాక చెబితే మాకు తెలిసింది.

చివరికి పెద్ద డాక్టరుగారి దగ్గరకు తీసుకు వెళ్ళారు. ఆయన కంట్లో చుక్కలు వేసి, పాప పెద్దదయ్యాక, చిన్న అద్దం వున్న పనిముట్టుతో లోపలికి చూశారు. 1851లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆ పనిముట్టు సంగతి లోకానికి చెప్పేదాకా, బతికివున్న మనిషి కంటి అడుగును వైద్యులు సరిగా చూసే వీలు లేదు. డాక్టరుగారు చాలాసేపు చూసి, "యిది ఆకుకూరలతో పోయే రేచీకటి కాదమ్మా" అన్నారు. లోపల నల్లని మచ్చలు చెదురుమదురుగా వున్నాయట. జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోజా.

ఆ పేరు పలకడం మాకు వారం రోజులు పట్టింది. అర్థం కావడానికి చాలా యేళ్ళే పట్టింది. నాకు అర్థమైనంతలో మీకు చెబుతాను.

కంటి వెనకగోడకు లోపలివైపు అంటుకుని ఒక పల్చని పొర వుంటుంది. దాన్నే రెటీనా అంటారు. మన పిల్లల పుస్తకాల్లో నేత్రపటలం అని వుంటుంది. మందం అర మిల్లీమీటరు కూడా వుండదు. వెలుగును పట్టుకునే కణాలు అందులో రెండు రకాలు. శంకువుల్లాంటివి కొన్ని, కడ్డీల్లాంటివి కొన్ని. శంకువులు సుమారు అరవై లక్షలు. అవి పగటి కూలీలు. రంగులు చూపేవీ, సూదిలో దారం యెక్కించే వేళ సాయపడేవీ అవే. కడ్డీలు సుమారు పన్నెండు కోట్లు. అవి రాత్రి కాపలావాళ్ళు. రంగులు తెలియవు గాని, చిటికెడు వెలుగు చాలు వాటికి.

మధ్యాహ్నం ఆటకు యెండలోంచి సినిమాహాలులోకి అడుగుపెడితే యేమవుతుంది? ముందు అంతా చీకటి. యెవరి కాళ్ళో తొక్కి, తిట్లు తిని కూర్చుంటాం. పది నిమిషాలకు వరసలు కనిపిస్తాయి. అరగంటయ్యేసరికి మూడో వరసలో మనవాళ్ళెవరో కూర్చున్నారని కూడా తెలుస్తుంది. కాపలావాళ్ళు నిద్రలేచి డ్యూటీలోకి రావడానికి అంతసేపు పడుతుందన్నమాట.

మరొకటి. చూపు నిలిపే సరిగ్గా నడిమి చోట కడ్డీలు లేవు. అన్నీ శంకువులే. అందుకే మరీ మసకచుక్కను తిన్నగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకు చూస్తే కనిపిస్తుంది. పెళ్ళిలో అరుంధతిని చూపించినప్పుడు కనపడినా కనపడకపోయినా తల వూపేసే ఆచారం మనకు వుంది కదా! యీసారి రాత్రి ముహూర్తమైతే, పక్కనున్న వసిష్ఠుడికి కాస్త యెడంగా చూసి చూడండి.

యిక ఆకుకూరల సంగతి. 1876లో జర్మనీకి చెందిన బోల్ అనే శాస్త్రజ్ఞుడు కప్ప కంటిలోని రెటీనాను బయటికి తీస్తే, అది యెర్రగా వుండి, వెలుగులో చూస్తూ వుండగానే పాలిపోయింది. కడ్డీలలో వుండే ఆ రంగు పదార్థం పేరు రోడాప్సిన్. 1933లో జార్జి వాల్డ్ అనే యువకుడు, రెటీనాలో ఏ విటమిను వుందని కనిపెట్టాడు. రోడాప్సిన్‌లో ఒక భాగం మాంసకృత్తు, రెండోది ఏ విటమిను నుంచి తయారైన అణువు. ఆ అణువు మామూలుగా వంగి వుంటుంది. వెలుగు సోకగానే తిన్నగా సాగుతుంది. ఆ సాగడమే చూపుకు మొదటి మెట్టు. సాగిన అణువును రెటీనా వెనకనున్న నల్లని పొరలోని కణాలు తీసుకుని, మళ్ళీ వంచి, కడ్డీకి తిరిగి యిస్తాయి. రోజంతా యీ ఇచ్చిపుచ్చుకోవడం సాగుతూనే వుంటుంది. యీ చక్రాన్ని వివరించినందుకు వాల్డ్‌కు, మరి యిద్దరితో కలిపి 1967లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఒంట్లో ఏ విటమిను చాలకపోతే రోడాప్సిన్ తయారు కాదు. రాత్రి కాపలావాళ్ళు వుంటారు గాని, చేతిలో దీపం వుండదు. అది మొదటి రకం రేచీకటి. దానికి మన అమ్మమ్మల వైద్యం అక్షరాలా సరైనదే. అలక్ష్యం చేస్తే మాత్రం కంటి తెల్లగుడ్డుపై నురుగులాంటి మచ్చలు రావడం, నల్లగుడ్డు మెత్తబడి చూపే పోవడం దాకా వెళ్తుంది. ఒకప్పుడు మన దేశంలో యెందరో పసివాళ్ళు యిలా చూపు పోగొట్టుకున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల ఆధారంగా 1970లో దేశమంతటా పిల్లలకు ఏ విటమిను ద్రావణం పట్టే పథకం మొదలైంది. యిప్పుడు తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ళు నిండేదాకా ఆరు నెలలకొకసారి పట్టిస్తారు. యీ చెంచాడు మందును "జ్వరం వచ్చింది, వూరెళ్ళాం" అని తప్పించకండి. మునగాకు, తోటకూర, కరివేపాకు, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు, పాలు — అన్నీ మంచివే. ఆకుకూరలో కాస్త నూనె పడితేనే ఆ సత్తువ ఒంటికి పడుతుంది. అలాగని మాత్రలు, చేపనూనె యిష్టం వచ్చినట్టు మింగించకండి. ఏ విటమిను యెక్కువైతే విషం. గర్భిణీలు డాక్టరు చెప్పకుండా అసలు ముట్టుకోకూడదు.

మా బుజ్జిది రెండో రకం. వాడి ఒంట్లో విటమినుకు లోటు లేదు. కడ్డీలే ఒకటొకటిగా చచ్చిపోతున్నాయి. పుట్టుకతో వచ్చిన లోపం అది. ముందు రాత్రిచూపు పోయింది. పాతికేళ్ళు వచ్చేసరికి పక్కచూపు పోయింది. సైకిలు మానేశాడు. ముప్పై ఐదుకు వెదురుగొట్టంలోంచి చూస్తున్నట్టుందన్నాడు. కడ్డీలు పోతే శంకువులన్నా మిగలాలి కదా అని నేను ఆశపడేదాన్ని. కాని అవీ నెమ్మదిగా నశిస్తాయి. 2004లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు దానికి ఒక కారణం చెప్పారు. శంకువులు బతకడానికి కావలసిన ఒక మాంసకృత్తును కడ్డీలే తయారుచేసి యిస్తాయట. పెద్దకొడుకు సంపాదన ఆగిపోతే తక్కిన యిల్లంతా పస్తు పడినట్టు.

బుజ్జికి యిప్పుడు యాభై యేడు దాటాయి. పాతికేళ్ళ పైచిలుకు బడిలో తెలుగు పాఠం చెప్పాడు. పద్యాలన్నీ నోటికే కాబట్టి, చూపు తగ్గిన సంగతి పిల్లలకు చాలాకాలం తెలియలేదు. యిప్పుడు నా మొహం చూడాలంటే ముందు నుదురు చూసి, తర్వాత ముక్కు చూసి, "పిన్నీ, చిక్కిపోయావు" అంటాడు.

వాడికి మందు లేదా? నేను అడగని డాక్టరు లేడు. ఏ విటమిను అణువును మళ్ళీ వంచే పని రెటీనా వెనక పొరలో జరుగుతుందన్నాను కదా. ఆ పని చేసే ఎంజైమును తయారుచేసే జన్యువు చెడితే ఒక రకం అంధత్వం వస్తుంది. దాని పేరు ఆర్.పి.యి. 65. మంచి జన్యువును, కీడు చెయ్యని వైరస్‌లో పెట్టి, రెటీనా కిందకు సూదితో యెక్కించే చికిత్సకు 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతి యిచ్చింది. ఆ మందుకు అక్కడ పెట్టిన వెల రెండు కళ్ళకూ కలిపి ఎనిమిది లక్షల యాభై వేల డాలర్లు. వెల సంగతి అలా వుంచండి. యీ జబ్బు తెచ్చే జన్యువులు అరవైకి పైగా వున్నాయి. బుజ్జిది వేరే జన్యువు. ఆ తాళంచెవి వాడి తాళానికి పట్టదు.

2014లో జపాన్ దేశపు కోబే నగరంలో మసాయో తకహాషి అనే వైద్యురాలు, మరో రకం రెటీనా జబ్బున్న ఒక వృద్ధురాలి చర్మకణాల నుంచే వెనక పొర కణాలు పెంచి, ఆమె కంట్లో అమర్చింది. 2021లో ప్యారిస్, బాసెల్ నగరాల శాస్త్రజ్ఞులు మరో దారి చూపారు. బుజ్జి జబ్బే వున్న యాభై యెనిమిదేళ్ళ మనిషి ఆయన. చూపు పోయింది. వెలుగు పట్టే కణాలు చచ్చిపోయినా, మెదడుకు వార్త మోసే కణాలు బతికే వున్నాయి. నాచులో వెలుగును పట్టే ఒక మాంసకృత్తు వుంటుంది. దాన్ని తయారుచేసే జన్యువును ఆ కణాల్లోకి పంపారు. ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టుకున్నప్పుడు, బల్లమీది నోటుపుస్తకం యెక్కడుందో ఆయన గుర్తుపట్టి ముట్టుకోగలిగాడు. మొహాలు పోల్చుకోలేదు, అక్షరాలు చదవలేదు. అయినా యీ వార్త చదివి వినిపించిన రోజు బుజ్జి, "నాచు నుంచా పిన్నీ? కాలు జారేటట్టు చేసే నాచేనా?" అని చాలాసేపు నవ్వాడు.

యిక అసలు సంగతి. యిది రాయాలా వద్దా అని పది రోజులు ఆలోచించాను.

మా అక్కయ్య 1963లో మా మేనమామనే చేసుకుంది. మన యిళ్ళలో కొత్త విషయం కాదు. పిల్ల పరాయి గడపకు పోదు, పొలం చీలదు, అత్తగారు అమ్మమ్మే. అన్నీ సుఖాలే. కాని దాదాపు ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి తప్పుగా వున్నా, రెండోది సంసారం యీడ్చుకొస్తుంది. మా యింట్లో వున్న రకం జబ్బు, రెండూ తప్పైతేనే వస్తుంది. యిలాంటి తప్పు ప్రతులు మనలో ప్రతివాళ్ళకూ కొన్ని వుంటాయి. పరాయివాళ్ళను చేసుకుంటే వాళ్ళ తప్పులు వేరు, మన తప్పులు వేరు. అయినవాళ్ళను చేసుకుంటే, తాతగారిచ్చిన ఒకే తప్పు యిద్దరి దగ్గరా వుండే అవకాశం పెరుగుతుంది. అక్కయ్యకూ మామయ్యకూ అలాగే జరిగింది. నాలుగింట ఒక పాలు బుజ్జి మీద పడింది. వాడి అక్క తప్పించుకుంది.

యిప్పుడు మా అక్కయ్యకు యెనభై. ఆమె కోరిక ఒక్కటే: కూతురి కొడుక్కు బుజ్జి కూతుర్ని చేసి కళ్ళారా చూసుకోవాలని. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు పైకి అనేసింది. పిల్లా పిల్లాడూ కూడా కాదనేటట్టు లేరు.

నేను వుండబట్టలేక లెక్క చెప్పాను. బుజ్జికి రెండు ప్రతులూ తప్పే. కాబట్టి వాడి కూతురికి ఒక తప్పు ప్రతి తప్పకుండా వుంటుంది. బుజ్జి భార్య బయటి సంబంధం గనుక పిల్లకు యే యిబ్బందీ రాలేదు. బుజ్జి అక్క బాగానే వుంది గాని, ఆమెలో ఒక తప్పు ప్రతి వుండే అవకాశం మూడింట రెండు పాళ్ళు. ఆమె కొడుక్కు అందులో సగం, అంటే మూడింట ఒకటి. యిద్దరిలోనూ వుంటే పుట్టే బిడ్డకు జబ్బు వచ్చేది నాలుగింట ఒకటి. వెరసి పన్నెండింట ఒకటి.

"పన్నెండింట పదకొండు మంచివే కదుటే?" అన్నది అక్కయ్య.

"నీకు నాలుగింట మూడు మంచివే కదా అక్కా" అన్నాను.

ఆ మాట అనకుండా వుండవలసింది. అక్కయ్య లేచి నిలబడింది. "పెళ్ళికి జాతకాలు చూస్తారు గాని నెత్తురు చూస్తారుటే? నా కొడుకును చూసి నా మనవరాలికి పెళ్ళి వద్దంటావా?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు నాతో మాట లేదు. నేను ఫోను చేస్తే, "వున్నారు, నిద్రపోతున్నారు" అని కోడలు చెప్పేది. పగలు పదకొండింటికి నిద్రేమిటి?

లోపలి గదిలో బుజ్జి అంతా విన్నాడట. రెండు రోజుల తర్వాత నాకు ఫోను చేశాడు. "పిన్నీ, పన్నెండో యెంతో నాకు తెలియదు. ముందు నా నెత్తురు చూడమను" అన్నాడు. హైదరాబాదు తీసుకువెళ్ళాం. కంటి జన్యువుల పరీక్ష యిప్పుడు మనవైపూ వుంది. చిన్న గొట్టంలో నెత్తురు తీసుకున్నారు. కొన్ని వారాలకు కాగితం వచ్చింది. ఒక జన్యువులో రెండు ప్రతులూ తప్పే. తప్పు ఫలానా చోట అని తెలిశాక, అదే తప్పు యింకెవరిలోనైనా వుందా అని చూడటం తేలికట. పెళ్ళికొడుకు యెవరికీ చెప్పకుండా తానే వెళ్ళి నెత్తురిచ్చి వచ్చాడు.

ఆ కాగితం యింకా రాలేదు. అతనిలో ఆ తప్పు లేకపోతే, బుజ్జి జబ్బు వాళ్ళ పిల్లలకు రాదనుకోవచ్చు. వుంటే, పన్నెండింట ఒకటి కాస్తా నాలుగింట ఒకటి అవుతుంది. లేదని తేలినా, దగ్గర సంబంధంలో మరో తప్పు కలవదన్న హామీ యేమీ లేదు. ఆ సంగతి డాక్టరుగారు పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. నిర్ణయం వాళ్ళది. నేనిక నోరెత్తదలచుకోలేదు.

తెనాలి సోదరికి నా జవాబు యిది. మునగాకు పెట్టండి, మానకండి. కాని మునగాకు పెట్టి మూడు నెలలు వరండాలో నిలబెట్టి పరీక్షించకండి. యీ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి. కంట్లో చుక్కలు వేసి రెటీనా చూడమని మీరే అడగండి. మీదీ మేనరికమైతే, దాచకుండా చెప్పండి. అది నేరం కాదు, డాక్టరుకు ఆధారం. పనిలో పనిగా యింట్లో షుగరు వున్న పెద్దవాళ్ళను కూడా తీసుకువెళ్ళండి. చూపు బాగానే వున్నా, వాళ్ళు యేడాదికొకసారి రెటీనా చూపించుకోవాలి. అన్నిటికంటే ముందు, మీ అబ్బాయిని యెవరూ వెక్కిరించకుండా చూడండి. "కనపళ్ళేదు" అంటే నమ్మండి.

నిన్న పొద్దున్న ఫోను మోగింది. అక్కయ్య. మూడు నెలల తర్వాత మొదటిసారి. పలకరింపు లేదు, కుశలం లేదు.

"ఆ కాగితం వచ్చిందిటే?" అన్నది.

"యింకా రాలేదక్కా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాగానే ముందు నాకు చెప్పు. వాళ్ళు చెబితే మెత్తగా చెబుతారు" అని, "యీ యేడు గుమ్మడికాయలు బాగా కాశాయి. వడియాలు పెట్టాను. బుజ్జి చేత పంపిస్తాను, పగటి బస్సుకు" అన్నది.